కోకిల ఒక్కటేనా వసంతం?

తెల్లవారుజామున ఐదున్నరకి వేపచెట్టు మీద కూత మొదలవుతుంది. ముందు మెల్లగా, తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ, చివరికి 'ఇక చాల్లే' అనిపించేంత గట్టిగా. 'ఉగాది దగ్గర పడింది' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. పిల్లలు కిటికీలోంచి ఎదురు కూస్తారు. అది ఇంకా రెచ్చిపోతుంది! ఎలమంచిలి పెరడైనా, అనకాపల్లి వీధైనా, విశాఖ అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన ఒక్క చెట్టయినా... మన వసంతం ఎప్పుడూ చెవితోనే మొదలవుతుంది.

ఇంతకీ ఆ కూసేది ఆడ కోకిల కాదు, మగది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు. ఆడ కోకిలది గోధుమరంగు ఒళ్లు, మీద తెల్ల చుక్కలు. దాని గొంతులోంచి 'కిక్... కిక్...' అనే కరుకు శబ్దం తప్ప రాగం రాదు. చలికాలంలో ఇవి ఎక్కడికో వెళ్లిపోతాయని చాలామంది అనుకుంటారు. ఎక్కడికీ వెళ్లవు. రావిపళ్లూ మర్రిపళ్లూ తింటూ మన చెట్ల మీదే ఉంటాయి. కూత అవసరం లేదు కాబట్టి నోరు మెదపవు, అంతే. ఎండలు ముదిరి కాకులు గూళ్లు కట్టే వేళకి కోకిల గుడ్డు కూడా సిద్ధం కావాలి. ఆ గూట్లోనే కదా దాని సంసారం సాగేది! కాకి పిల్ల కంటే కోకిల పిల్ల రెండు మూడు రోజులు ముందే గుడ్డులోంచి బయటపడి తిండి దగ్గర పైచేయి సాధిస్తుంది.

ఈ కోకిల గురించి ఒక మంచి కబురు. దేశంలో పక్షుల స్థితిగతులపై 2023లో ఒక పెద్ద నివేదిక వెలువడింది. పేరు 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్'. దాని ప్రకారం కోకిలలు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి. కాకులు, పావురాలు, నెమళ్లదీ అదే దారి.

అదే నివేదికలో ఇంకో కబురూ ఉంది. దసరా నాడు కనబడితే చాలు, దణ్ణం పెట్టుకునే మన పాలపిట్ట దేశంలో 30 శాతానికి పైగా తగ్గింది. ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో దీని స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని శాస్త్రవేత్తలు అందులో సూచించారు.

అంటే ఏమిటన్నమాట? చెవిని నమ్ముకుంటే మన వసంతానికి ఏ లోటూ లేదు. పొద్దున్నే కూత వినబడుతోంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ గోల చేసేవాడి సంగతే తెలిసింది మనకి. చప్పుడు లేకుండా తగ్గిపోతున్నవాళ్ల సంగతో? అది చెవికి తెలియదు, కంటికే తెలియాలి. అందుకే ఈసారి వసంతాన్ని వినడం కాస్త పక్కనపెట్టి చూద్దాం రండి. ఎలమంచిలిలో బయల్దేరి సముద్రం దాకా.

ఎలమంచిలే ఎందుకు?

విశాఖకి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, హైవే మీదా రైలు దారి మీదా ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇక్కడి సౌకర్యం ఏమిటంటే, స్కూటర్ మీద ఒక్క పూటలో చుట్టి రాగలిగినంత మేరలోనే కొండలున్నాయి, చెరకు పొలాలున్నాయి, తాటితోపులున్నాయి, ఆవ ఉంది, నదులున్నాయి, ఆపైన సముద్రం ఉంది. అడవి జంతువుల్ని చూడాలంటే జీపెక్కి అభయారణ్యానికే వెళ్లాలన్న రూలేమీ లేదు. ఒక టోపీ, ఒక నీళ్లసీసా, వీలైతే ఓ బైనాక్యులర్, జేబులో చిన్న నోటుబుక్కు. ఈ నోటుబుక్కుని మాత్రం మర్చిపోకండి, చివర్లో దానితోనే పని.

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. పిట్టలకి అంత ఆలస్యం పనికిరాదు. మోదుగ పువ్వు విచ్చుకునే నాటికే వాటి హడావుడి మొదలైపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడు బయల్దేరినా ఫరవాలేదు. కానీ ఎండెక్కకముందే బయల్దేరాలి. తొమ్మిది దాటితే మీకూ నీడ కావాలి, వాటికీ కావాలి.

ముందు పెరట్లో...

ఊరు దాటకముందు ఇంటి గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మందార కొమ్మ మీదో, బట్టలారేసే తీగ చివరో దూదీ పీచూ చెత్తా కలిపి వేలాడదీసినట్టు ఒక చిన్న సంచి కనబడిందా? చెత్త కదా అని దులిపేయకండి, అది తేనెపిట్ట గూడు. సాలెగూటి దారాలతో అతికించి మరీ కట్టుకుంటుంది. చలికాలంలో వెలిసిపోయినట్టుండే మగ తేనెపిట్ట ఈ రోజుల్లో ఊదారంగు మెరుపుతో కొత్త బట్టలు కట్టుకున్న పెళ్లికొడుకులా తిరుగుతుంది.

'టుక్... టుక్... టుక్...' అని పొద్దస్తమానం ఒకే వరసలో చప్పుడు వస్తోందా? అది కంసాలి పిట్ట. రాగిచెంబు మీద సుత్తితో కొడుతున్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రబొట్టు. ఎండిన కొమ్మని ముక్కుతో తొలిచి అందులో కాపురం పెడుతుంది. మనం 'ఎండిపోయింది, కొట్టించేద్దాం' అనుకునే కొమ్మే దాని ఇల్లు. మనుషుల మీద పడే ప్రమాదం లేని చోటైతే వానలొచ్చే దాకా ఆ కొమ్మని ఉండనివ్వొచ్చు.

కరివేపాకు మొక్క ఆకుల మీద పిట్ట రెట్టలా ఏదో అంటుకుని ఉంటే వేలితో మెల్లగా తాకించి చూడండి. కదిలిందంటే సీతాకోకచిలుక గొంగళి! పక్షులు తినకుండా ఆ వేషం వేస్తుంది. కాస్త పెద్దదయ్యాక ఆకులో ఆకులా పచ్చగా మారుతుంది. నాలుగు రెబ్బలు దానికి వదిలేస్తే సీతాకోకచిలుక ఎలా పుడుతుందో పిల్లలు ఇంట్లోనే చూస్తారు. ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మా అంత బాగా చెప్పలేదు.

గోడ మీద తొండ తల ఎర్రబడింది. 'నెత్తురు పీల్చేసింది' అని రాళ్లు తీస్తారు కుర్రాళ్లు. పాపం, అది పీల్చిందేమీ లేదు. జత కట్టే రోజుల్లో మగ తొండకి తలా మెడా ఎర్రబడతాయి. గోడెక్కి బస్కీలు తీస్తున్నట్టు ఊగేది కూడా 'ఈ గోడ నాది' అని పక్క తొండకి చెప్పడానికే.

తీగ మీద నీలిరంగు

ఇక ఊరు దాటి పొలాల్లోకి వెళదాం. ఇక్కడి నుంచి చూపు కరెంటు తీగల మీద ఉండాలి. పొడుగు తోక రెండుగా చీలి, నల్లగా నిగనిగలాడుతూ ఉంటే పసులపోలిగాడు. గేదె వీపెక్కి సవారీ చేస్తూ, దాని కాళ్ల కింద లేచే పురుగుల్ని పట్టుకుంటుంది. పిడికెడంత ఉంటుందో లేదో, గూడు జోలికొస్తే కాకినే కాదు గద్దని కూడా తరిమేస్తుంది. ఆకుపచ్చగా సన్నగా ఉండి, రివ్వున ఎగిరి తేనెటీగని పట్టుకుని మళ్లీ అదే తీగ మీద వాలితే పసిరిక పిట్ట. గెడ్డ గట్టునో, ఇసుక దిబ్బనో తవ్విన సన్నటి బొరియే దాని ఇల్లు. ట్రాక్టర్‌తో గట్టు తవ్వేస్తే ఆ ఏటి సంసారం మట్టిపాలే.

ఇక మనం వెతుకుతున్న పాలపిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో, మెడ కుదించుకుని, 'ఇదేనా' అనిపించేలా ఉంటుంది. రెక్క విప్పిందా... నీలంలో నీలం! ఆ నీలం నిజానికి రంగు కాదు. ఈకలోని సన్నని నిర్మాణం వెలుతురుని విరగ్గొట్టడం వల్ల మనకి అలా కనబడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా దీని విన్యాసం చూడాలి. నిట్టనిలువునా పైకెగిరి, అక్కడి నుంచి పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. పక్కనే కూర్చున్న ఆడపిట్ట మెప్పు కోసమే ఆ పాట్లన్నీ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర పక్షి పాలపిట్టే. విభజన తర్వాత తెలంగాణ దాన్ని అలాగే ఉంచుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకని ఎంచుకుంది. పదవి పోతే పోయింది, చోటు పోకుండా ఉంటే చాలు. దీనికి కావలసినవి మూడే మూడు. కూర్చుని చుట్టూ చూసుకోవడానికి ఎత్తయిన చోటు, కింద మిడతలూ పురుగులూ దొరికే ఖాళీ నేల, గూటికి ఒక తొర్ర. మొండి తాడిచెట్టు తొర్రంటే మహా ఇష్టం. తీగలకి మనం లోటు చెయ్యలేదు. తక్కువవుతున్నవి మిగిలిన రెండే. పురుగుమందు పడిన చేలో పురుగుండదు, బీడు ప్లాటు అయిపోతుంది, మొండి తాడు కూలిపోతుంది. బహిరంగ నేలల్ని నమ్ముకుని బతికే పక్షులే ఎక్కువగా తగ్గుతున్నాయని ఆ నివేదిక కూడా చెప్పింది.

తాడిచెట్టంటే గుర్తొచ్చింది. తలెత్తి కమ్మల చుట్టూ ఆగకుండా గిరికీలు కొట్టే బూడిదరంగు చిన్న పిట్టల్ని చూడండి. తాటాకు అడుగున తమ లాలాజలంతో ఈకల్ని అతికించి గూడు కట్టుకుంటాయి. తాటాకు ఊగితే గూడూ ఊగుతుంది, గుడ్డు మాత్రం పడదు. పక్కనే బుడ్డీల్లా వేలాడే గిజిగాడి గూళ్లు ఈ నెలల్లో ఖాళీ. అవి నిరుటి ఇళ్లు, కొత్తవి తొలకరి తర్వాతే.

కిందా ఒక కన్నేయండి

పొలాల్లో నడిచేటప్పుడు పైకి చూస్తే సరిపోదు. గులకరాళ్ల బీట్లో ఒక పిట్ట మీ నెత్తి మీదే తిరుగుతూ అరుస్తోందనుకోండి, అక్కడే ఆగిపోండి. అది తీతువు. ఆ అరుపు వింటే చావు కబురు వస్తుందని కొందరు భయపడతారు. భయం మనది కాదండీ, దానిది! దాని గుడ్లు నేల మీదే ఉంటాయి. గూడూ గీడూ ఏమీ ఉండదు. నాలుగు గులకల మధ్య నాలుగు గుడ్లు, రాయేదో గుడ్డేదో తెలియదు. ఎండ మరీ మండిపోతుంటే తల్లి నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. మనం ముందుకెళ్తే రెక్క విరిగినట్టు నటిస్తూ పక్కకి పోతుంది, మనల్ని తన వెంట తిప్పుకోవడానికి. అప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే. వచ్చిన దారినే వెనక్కి నడవడం.

అనకాపల్లి బెల్లానికి పేరు తెచ్చిన చెరకు తోటలు నరికే రోజులు కూడా ఇవే. చెరకులో అడవిపిల్లి పిల్లల్ని పెడుతుంది. కూలీలు కొట్టుకుంటూ వెళ్తుంటే కళ్లు తెరిచీ తెరవని కూనలు బయటపడతాయి. 'చిరుత పిల్లలు' అని ఊరంతా గగ్గోలెత్తడం, ఫొటోలు తీయడం, ఇంటికెత్తుకుపోయి పాలు పట్టడం... ఏటా ఎక్కడో ఒకచోట జరిగేదే. ముట్టుకోకుండా ఉన్నచోటే వదిలేసి, ఆ పక్క కాస్త చెరకుని ఒక్క రాత్రికి ఆపితే చాలు. చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కోదాన్నీ నోట కరుచుకుని వేరే చోటికి చేర్చుకుంటుంది.

అలాగే, రెండు జెర్రిపోతులు మెలికలు తిరిగి నిలువునా లేచి ఆడుతుంటే 'పాముల సయ్యాట' అని ఫొటోలు వేస్తుంటాం మా పత్రికల వాళ్లం కూడా. చాలాసార్లు అవి రెండూ మగవే. ఆ ఆట సరసం కాదు, కుస్తీ. గెలిచినవాడికి ఆ మేర అంతా సొంతం. జెర్రిపోతుకి విషం లేదు, పైగా మన ధాన్యం తినే ఎలకలే దాని భోజనం. దూరంగా నిలబడి చూసినంత సేపు చూసి కదిలిపోవడమే.

ఇంకొక చిట్కా. ఎండాకాలంలో పక్షి వెనకాల తిరక్కండి, నీటి దగ్గర కూర్చోండి. రాంబిల్లి మండలం పంచదార్లలో కొండ కింద పాత శివాలయం, దాన్ని ఆనుకుని ఏడాది పొడుగునా పారే ఊట ధార ఉన్నాయి. అలాంటి చోట అరగంట మాట్లాడకుండా కూర్చుంటే మీరు వెతికేవే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. మాట్లాడకుండా కూర్చోవడమే కొంచెం కష్టం.

ఆవ దగ్గర వీడ్కోలు

ఉత్తరాంధ్రలో నీరు నిలిచే పెద్ద పల్లాన్ని 'ఆవ' అంటారు. అచ్యుతాపురం దాటాక వచ్చే కొండకర్ల ఆవని రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా చెప్పుకుంటారు. చుట్టూ కొండలు, మధ్యలో తామరలు, వాటి మధ్య తాటి మొద్దుల్ని తొలిచి రెండేసి జతకట్టిన దోనెలు. పొద్దున్నే దోనె మీద వెళ్తే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

ఇక్కడికి శీతాకాలమంతా సందర్శకులు వస్తారు. వసంతం వచ్చేసరికి పలచబడిపోతారు. నిజానికి చూడాల్సిన వేళ ఇదే, ఎందుకంటే ఇప్పుడిక్కడ రెండు కథలు నడుస్తుంటాయి. ఒకటి వెళ్లిపోయేవాళ్లది. సూదితోక బాతుల్లాంటి వలస పక్షులు మార్చిలో గుంపులు కడతాయి. ఒక రాత్రి లేచి, హిమాలయాలు దాటి, మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి. పొద్దున చూస్తే నీళ్లు ఖాళీ. వెళ్తున్నామని చెప్పవు.

రెండోది ఉండిపోయేవాళ్లది. తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో, మునిగిపోకుండా నడిచే జకానా అనే పక్షి ఎండలు పెరిగేకొద్దీ వేషం మారుస్తుంది. పొడుగాటి తోక, మెడ వెనక బంగారు రంగు. దీని కాపురం తీరే వేరు. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ అంతా మగదే! తెల్లకొంగలకి వీపు మీద సన్నటి కుచ్చులు వస్తాయి. ఈ కుచ్చుల కోసమే ఒకప్పుడు కొంగల్ని చంపి, ఐరోపా దొరసానుల టోపీలకి అమ్మేవారు. ఈకల ఎగుమతిని 1902లోనే మన దేశంలో నిషేధించారంటే ఆ వ్యాపారం ఎంత దూరం పోయిందో ఊహించుకోండి.

ఇక్కడే ఒక మాట. కాస్త పెద్ద కొంగ కనబడితే చాలు, 'సైబీరియా నుంచి వచ్చింది' అనేస్తాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల గురించి కూడా అలాగే రాస్తూ వచ్చారు. అవి సైబీరియావి కావు, ఈ దేశంలోనే పుట్టి ఇక్కడే తిరిగే పక్షులు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ కాదు. పరాయి ఊరి చుట్టమైతే ఇక్కడ చోటు లేకపోయినా దాని ఊరికి అది పోతుందిలే అనుకుంటాం. మన ఇంటిదే అయితే? దానికి ఇక వెళ్లడానికి వేరే ఊరు లేదు. ఆవ పూడిపోయినా, గుర్రపుడెక్క కమ్మేసినా, గట్టు కాస్త కాస్తగా లోపలికి జరిగినా నష్టపోయేది ముందు వీళ్లే.

గొంతు లేని అతిథి

ఇక సముద్రానికి. రాంబిల్లి, పూడిమడక, ముత్యాలమ్మపాలెం... ఎటు వెళ్లినా ఇసుకే. శారద, వరాహ నదుల నీళ్లు సముద్రానికి చేరే ఈ ప్రాంతంలో మొగల దగ్గర బురద బయటపడినప్పుడు ఉల్లంకి పిట్టలు తిరుగుతుంటాయి. గాల్లో తేలే సముద్రపు కాకుల్ని, అంటే గల్స్‌ని, మార్చిలో జాగ్రత్తగా చూడండి. చలికాలమంతా తెల్లగా ఉన్న తలలు ఒక్కొక్కటిగా గోధుమరంగుకి తిరుగుతుంటాయి. ఇంటికి వెళ్లే వేళయిందన్నమాట. ఇసుక మీద ఎర్రపీతలు దండుగా నడుస్తాయి. మీ అడుగు చప్పుడికి అన్నీ ఒక్కసారే కన్నాల్లోకి మాయం. కదలకుండా కూర్చుంటే ముందు రెండు కళ్లు లేస్తాయి, తర్వాత పీత.

తెల్లవారుజామున నీటి అంచు నుంచి ఇసుక మెరక దాకా సన్నటి ట్రాక్టర్ చక్రం నడిచినట్టు జాడ కనబడిందా? అయితే రాత్రి మీ ఊరికి అతిథి వచ్చి వెళ్లింది. ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా, రాత్రిపూట ఒంటరిగా ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు వందకి పైగా పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. గూటి వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది. ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు, వేడెక్కితే ఆడపిల్లలు. ఎండలు ఏటేటా పెరుగుతున్న ఈ కాలంలో ఆ లెక్క ఎటు తిరుగుతుందో శాస్త్రవేత్తల బెంగ.

ఒరిస్సా తీరంలో గహీర్‌మఠ, రుషికుల్య దగ్గర ఇవి లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. మన తీరంలో ఆ జాతర ఉండదు, ఒక్కొక్కటిగా వస్తాయి. అందుకే పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ వాటి ప్రయాణం చిన్నది కాదు. 2021లో ఒరిస్సాలో రెక్కకి ట్యాగ్ వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. తూర్పు సముద్రంలోది పడమటి సముద్రంలో తేలింది! ఆ చిన్న లోహపు ముక్క, దాన్ని చూసి నంబరు రాసుకున్న మనిషి, ఈ ఇద్దరూ లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

తాబేలుకి మనకి వినబడే గొంతు లేదు. వలలో చిక్కినా కేక వేయలేదు. అది చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. లోతున లాగే ట్రాల్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే ఉక్కిరిబిక్కిరై పోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చినప్పుడు దేశం ఉలిక్కిపడింది. మన ఒడ్డున కూడా ఈ రోజుల్లో నడిస్తే ఒకటో రెండో కనబడకపోవు.

దీనికి మందు లేక కాదు. వల మెడ దగ్గర ఒక కమ్మీల చట్రం, పైన ఒక ద్వారం. రొయ్య కమ్మీల సందులోంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి ద్వారంలోంచి బయటపడుతుంది. టెడ్ అంటారు దాన్ని. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి సరిపోయేలా ఒక నమూనా కూడా తయారు చేసింది. ఆ సంస్థకి విశాఖలోనూ కేంద్రం ఉంది. ద్వారంలోంచి కాస్త చేప జారిపోతుందన్నది బోటు వాళ్ల బాధ, అదీ కాదనలేం. కానీ మరోవైపు చూడండి. ఇలాంటి ఏర్పాటు లేదన్న కారణంతో సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని 2019లో అమెరికా వద్దంది. తాబేలు గోడు చివరికి రొయ్య ధరలో వినబడిందన్నమాట.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకి విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఆ 61 రోజులు తాబేళ్లకీ కాస్త ఊపిరే. కానీ అవి ఒడ్డుకొచ్చే నెలలు అంతకుముందే కదా, అసలు గండం అప్పుడే.

మరి ఒడ్డున తిరిగే మనం చేయగలిగిందేమిటి? జాడ కనబడితే తొక్కకండి, గుడ్లు తవ్వకండి, అటవీశాఖకి చెప్పండి. విశాఖ తీరంలో ఆ శాఖ గుడ్లని సేకరించి కంచెల మధ్య పొదిగించి, పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. తాబేలు 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దానికీ అంతే. ఇక లైట్ల సంగతి. ఇసుకలోంచి బయటపడిన పిల్ల ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పరిగెడుతుంది. ఒకప్పుడు చీకట్లో వెలిగేది సముద్రమొక్కటే. ఇప్పుడు రోడ్డు వెలుగుతోంది, రిసార్టు వెలుగుతోంది, మన చేతిలో సెల్‌ఫోన్ వెలుగుతోంది. ఆ రెండు మూడు నెలలు ఒడ్డు వైపు దీపాన్ని కిందికి తిప్పడం, వీలైతే ఆర్పేయడం ఎవరికైనా కష్టమా?

ఇప్పుడు నోటుబుక్కు తీయండి

మొదట్లో చెప్పిన నివేదిక ఏ ఒక్క శాస్త్రవేత్తో రాసింది కాదు. దేశంలో 30 వేల మంది పక్షి ప్రియులు రాసిచ్చిన మూడు కోట్ల పరిశీలనల నుంచి తేల్చింది. అందులో డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, బడిపిల్లలున్నారు. వీళ్లలో చాలామంది చేసిన పని చిన్నదే. చూసింది చూసినట్టు రాయడం.

పక్కనే ఉన్న మనిషి చూపు ఎంత విలువైనదో తెలుగునేల మీదే ఒక సాక్ష్యం ఉంది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. 86 ఏళ్ల తర్వాత! దాని జాడ తీయడంలో పెద్ద సాయం, ఆ పొదలు తెలిసిన స్థానిక వేటగాడిదే. పక్షి రాత్రిపూట తిరిగేది, తక్కువగా అరిచేది. కాబట్టి వినబడలేదు. చూసేవాళ్లు లేరు. కాబట్టి లేదనుకున్నాం.

రాయడం కష్టమేమీ కాదు. తేదీ, సమయం, చోటు, ఏమిటి, ఎన్ని. పేరు తెలియకపోతే రంగూ, ముక్కూ, తోకా రాసుకోండి, చాలు. ఈ-బర్డ్ అనే ఆప్‌లో పెడితే దేశం లెక్కలో కలుస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది, పదిహేను నిమిషాలు కేటాయిస్తే మీరూ అందులో ఉన్నట్టే. ఆప్ వద్దనుకుంటే ఇంట్లో క్యాలెండర్ మీదే రాయండి. 'తాతా, నిరుడు ఆవలో సూదితోకలు ఏ రోజు వెళ్లిపోయాయి?' అని మనవడు అడిగితే చెప్పడానికి ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. పక్షిని దగ్గరికి రప్పించడానికి ఫోన్లో దాని కూత పెట్టకండి, గుడ్ల మీద ఉన్న తల్లి లేచి వచ్చేస్తుంది. గూటి ఫొటోని, చోటు పేరుతో సహా నలుగురికీ పంపకండి.

చివరిగా ఒకటి. చాలామంది కనబడినవే రాస్తారు. మీరు కనబడనివీ రాయండి. ఎలమంచిలి నుంచి అచ్యుతాపురం దాకా తీగలన్నీ చూసుకుంటూ వెళ్లి, ఒక్క పాలపిట్టా కనబడకపోతే ఆ పేరు పక్కన సున్నా వేయండి. వచ్చే మార్చిలో మళ్లీ అదే దారిలో, అదే వేళకి వెళ్లి చూడండి. ఆ సున్నా పక్కన ఈసారి ఒకటి పడిందో, సున్నాయే పడిందో... మన ఊరి వసంతం సంగతి ఆ కాగితం మీద తేలుతుంది.